బ్యాక్‌లింక్ టూల్స్‌లో ఏది తీసుకోవాలి? ఒక కడప బండల సైటు లెక్కలతో చెప్తున్నా

పోయిన ఎండాకాలంలో ఎర్రగుంట్ల వైపు బండల వ్యాపారం చేసే ఒక అన్న రెండు ప్రింటౌట్లు పట్టుకుని కడప సెవెన్ రోడ్స్ దగ్గరున్న మా గదికి వచ్చాడు. వంటింటి గట్లకీ, మెట్లకీ, అల్మారా అరలకీ వేసే నల్ల బండలు ఆయన సరుకు, సైటు మూడేళ్ల కిందట నేనే చేసిచ్చాను. ఒక కాగితంలో ఆ సైటుకి నాలుగు వందల చిల్లర బ్యాక్‌లింకులు, ఇంకో దాంట్లో రెండు వేలకు కాస్త తక్కువ. రెండూ ఒకే వారంలో తీసినవి. మొదటిది మేనల్లుడు ఇంట్లో కూర్చుని ఫ్రీగా తీసింది, రెండోది నెలనెలా డబ్బులు తీసుకునే ఒక ఏజెన్సీ పంపింది. "అబ్బీ, ఒకే లారీని రెండు కాటాల మీద ఎక్కిస్తే ఇంత తేడా వస్తే మేం ఊరుకుంటామా? ఇందులో ఏది కరెక్టు చెప్పు" అన్నాడు.

"రెండూ కరెక్టే అన్నా, కానీ రెండూ సగమే" అన్నాను. ఆయనకి నచ్చలేదు, ఎవరికైనా నచ్చదు. కానీ ఇదే ప్రశ్న ధర్మవరం చీరలు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు అడిగారు, గండికోట చూడ్డానికి వచ్చేవాళ్లకి రూములు పెట్టుకున్నవాళ్లు అడిగారు, ప్రొద్దుటూరు నగల షాపులో సైటు చూసుకునే కుర్రాడు వారానికోసారి అడుగుతున్నాడు. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నా. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది ఏ టూలూ కొనక్కర్లేదు.

లెక్కలు ఎందుకు కలవవు

బ్యాక్‌లింక్ అంటే ఇంకొకళ్ల సైటులో మీ సైటుకి ఉన్న లింకు, ఏ సైటుని పైన చూపించాలో తేల్చడానికి గూగుల్ చూసేవాటిలో ఇదొకటి. అది మీ దగ్గర ఎక్కడా నమోదై ఉండదు, ఎవరో వాళ్ల పేజీలో పెట్టుకున్నది, కాబట్టి మీకు ఎన్ని ఉన్నాయో తెలియాలంటే ఎవరో ఒకరు ఇంటర్నెట్ అంతా తిరిగి రాసుకోవాలి. గూగుల్‌కి తన బాట్ ఉంది, అంటే సైట్లన్నీ తిరిగి చూసొచ్చే ప్రోగ్రాము, దాన్నే క్రాలర్ అని కూడా అంటారు. ఈ టూల్స్ అమ్మే ఏహెచ్‌రెఫ్స్, సెమ్‌రష్, మోజ్, మెజెస్టిక్, వీళ్లందరికీ ఎవరి క్రాలర్లు వాళ్లకున్నాయి, ఎంత తిరిగితే అంత రాసుకుంటారు. మన దగ్గర తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు చూడండి, ఒక గుంపు ఒక చేను, ఇంకో గుంపు ఇంకో చేను, పొద్దుగూకేసరికి ఎవరి మూటలో ఎన్ని రాళ్లున్నాయో లెక్కపెడితే ఒకరిది ఒకరితో కలవదు, కలవాల్సిన పని కూడా లేదు. పైగా మూటలో ఉన్నవన్నీ వజ్రాలు కావు. ఈ రెండో ముక్క ఏజెన్సీల రిపోర్టుల్లో ఎప్పుడూ కనపడదు.

తిరిగే చోటే కాదు, లెక్కపెట్టే పద్ధతి కూడా వేరు. ఒక డైరెక్టరీ సైటు తన ఫుటర్లో, అంటే ప్రతి పేజీ అడుగున వచ్చే పట్టీలో, మీ లింకు పెట్టిందనుకోండి, ఆ సైటుకి 1,500 పేజీలుంటే అది 1,500 బ్యాక్‌లింకులుగా పడుతుంది. లింకిచ్చింది మాత్రం ఒక్క సైటే. అన్న తెచ్చిన రెండో కాగితం గుట్టు ఇదే, సైట్ల వారీగా విడగొట్టి చూస్తే మూడొంతుల పైన ఒకే డైరెక్టరీ నుంచి వచ్చినవి, ఆ డైరెక్టరీలో బండలతో పాటు జ్యోతిష్యం, పళ్ల డాక్టర్లు, బోర్‌వెల్ లారీలు అన్నీ ఉన్నాయి. అందుకే ఏ టూల్ తెరిచినా బ్యాక్‌లింకుల సంఖ్య వదిలేసి రెఫరింగ్ డొమైన్లు అని ఉండే సంఖ్య చూడండి, అంటే వేరువేరుగా ఎన్ని సైట్లు లింకిచ్చాయి అని. రెండు టూల్స్ మధ్య తేడా అక్కడ కాస్త తగ్గుతుంది. అయినా పూర్తిగా పోదు, ఎందుకంటే తీసేసిన లింకుల్ని కలిపి చూపించే రిపోర్టులు వేరు, ఇప్పుడు బతికున్నవి మాత్రమే చూపించేవి వేరు. కొన్ని సైట్లు రోబోట్స్ ఫైల్లో ఈ టూల్స్ బాట్లని అసలు లోపలికి రానివ్వవు. డబ్బులకి లింకులమ్మే నెట్‌వర్కులైతే ఈ పని కావాలనే చేస్తాయి, గూగుల్ బాట్‌కి తలుపు తీసి మిగతావాటికి మూసేస్తాయి, పోటీవాళ్ల కంట పడకూడదని.

ఆ నూటికి వేసే మార్కులు ఎవరివి?

ప్రతి టూల్‌కీ ఒక స్కోరు ఉంది, అన్నీ నూటికే, గందరగోళం అంతా దీనివల్లే. మోజ్‌ది డొమైన్ అథారిటీ, అందరి నోట్లో డీఏ. ఏహెచ్‌రెఫ్స్‌ది డొమైన్ రేటింగ్, డీఆర్. సెమ్‌రష్‌ది అథారిటీ స్కోర్. మెజెస్టిక్‌కి రెండు, ట్రస్ట్ ఫ్లో అని ఒకటి, సైటేషన్ ఫ్లో అని ఒకటి. వీటిలో ఒక్కటి కూడా గూగుల్ వేసింది కాదు, ర్యాంకింగ్‌కి డీఏ వాడం అని గూగుల్ వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. ఒకప్పుడు గూగుల్ కూడా ఒక మార్కు బయటికి చూపించేది, టూల్‌బార్‌లో పేజ్‌ర్యాంక్ అని 10కి ఇన్ని అని, 2016లో దాన్ని తీసేసింది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా రాసిన ఆ ఆలోచన, ఎవరెవరు లింకిచ్చారో చూసి పేజీకి విలువ కట్టడం, లోపల ఇంకా పనిచేస్తూనే ఉంది, మనకి కనపడదు, అంతే. ఆ ఖాళీలో ఈ కంపెనీలు తమ తమ అంచనాలు పెట్టాయి.

ఏది దేన్ని కొలుస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. డీఆర్ లింకుల్ని మాత్రమే చూస్తుంది: ఎన్ని సైట్లు మీకు లింకిచ్చాయి, వాటి డీఆర్ ఎంత, ఆ సైట్లు ఇంకా ఎంతమందికి లింకులు పంచిపెట్టాయి. మీ సైటుకి మనుషులు వస్తున్నారా, ఆ లింకులు చెత్తవా మంచివా అన్నది దానికి పట్టదు, అందుకే డబ్బులు పెట్టి డీఆర్‌ని పెంచడం తేలిక. డీఏ ఏమో ఈ సైటు సెర్చ్‌లో పైకి వచ్చే అవకాశం ఎంత అని మోజ్ మోడల్ వేసే అంచనా. మీరు ఏ తప్పూ చేయకపోయినా అది రెండు పాయింట్లు పడిపోవచ్చు, ఎందుకంటే అది మిగతా సైట్లతో పోల్చి వేసే మార్కు. సెమ్‌రష్ స్కోరులో లింకులతో పాటు సెర్చ్ ట్రాఫిక్ అంచనా, స్పామ్ గుర్తులు కూడా కలుస్తాయి, మోసం చేయడం కాస్త కష్టం. మెజెస్టిక్ ట్రస్ట్ ఫ్లో మాత్రం వేరే దారి: మనుషులు చూసి నమ్మదగినవి అని ఎంచిన కొన్ని సైట్ల నుంచి మొదలుపెట్టి, ఆ సైట్లకి మీరు లింకుల దారిలో ఎంత దగ్గరో చూస్తుంది. సైటేషన్ ఫ్లో ఎక్కువగా ఉండి ట్రస్ట్ ఫ్లో అట్టడుగున ఉంటే, లింకులు బోలెడు, నమ్మకం శూన్యం అన్నమాట.

ఇంకొకటి, ఈ స్కోర్లు నిచ్చెన మెట్లలా సమానంగా ఉండవు. 10 నుంచి 20కి ఎక్కడం ఒక ఎత్తు, 60 నుంచి 70కి ఎక్కడం దానికి ఎన్నో రెట్లు. ఒక టూల్ డీఏ 25ని ఇంకో టూల్ డీఆర్ 25తో పోల్చడం ఒకరి టెన్త్ మార్కుల్ని ఇంకొకరి ఎంసెట్ ర్యాంకుతో పోల్చినట్టే. ఏజెన్సీ రిపోర్టులో జనవరి నెలకి డీఏ, ఏప్రిల్ నెలకి డీఆర్ పెట్టి "పెరిగింది" అని గ్రాఫ్ గీసింది నేను నా కళ్లతో చూశాను, అన్న తెచ్చిన ఆ కాగితంలోనే.

మీ సొంత సైటు కోసమైతే

సెర్చ్ కన్సోల్. ఇంకేం ఆలోచించకండి. ఫ్రీ, గూగుల్ దగ్గర నుంచి నేరుగా వచ్చేది, సైటు మీదేనని నిరూపిస్తే చాలు. ఎడమ వైపు మెనూలో బాగా కిందికి వెళ్తే లింక్స్ అని ఉంటుంది. అందులో మూడు ముఖ్యం: మీ ఏ పేజీలకి ఎక్కువ లింకులున్నాయి, ఏ సైట్లు ఇచ్చాయి, ఏ మాటల మీద ఇచ్చాయి. ఆ మూడోదాన్ని యాంకర్ టెక్స్ట్ అంటారు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పట్టిక అది. బండల సైటుకి 'కడప బ్లాక్ స్టోన్', కంపెనీ పేరు, 'ఇక్కడ నొక్కండి' లాంటివి రావాలి. పేకాట, స్లాట్ గేమ్స్, మందుల పేర్లు వచ్చాయంటే ఏదో తేడా ఉంది, బయట ఎవరో చెత్త లింకులు పెట్టి ఉండొచ్చు, లేదా మీ సైటునే హ్యాక్ చేసి లోపల కొత్త పేజీలు పుట్టించి ఉండొచ్చు. రెండోదైతే లింకుల సంగతి తర్వాత, ముందు హోస్టింగ్ పాస్‌వర్డులు మార్చండి.

కుడివైపు పైన ఎక్స్‌పోర్ట్ నొక్కితే లేటెస్ట్ లింక్స్ అని ఒకటి వస్తుంది, అది దించుకోండి, లక్ష వరసల దాకా ఇస్తుంది, తేదీతో సహా. మన ఊళ్లలో ఏ సైటుకీ లక్ష నిండవు.

సెర్చ్ కన్సోల్‌కి లోపాలు లేవా అంటే ఉన్నాయి. అది గూగుల్‌కి తెలిసినవన్నీ చూపించదు, శాంపిలే. నోఫాలో లింకు (దీన్ని సిఫారసుగా లెక్కేయొద్దు అని సెర్చ్ ఇంజన్లకి చెప్పే గుర్తున్నది) ఏది, మామూలు లింకు ఏది అని విడదీసి చెప్పదు. లింకు పోయిందని చెప్పదు. పోటీవాళ్ల సైటు చూడనివ్వదు. దేనికీ మార్కులు వేయదు, ఇది లోపమో వరమో మీరే చెప్పాలి.

ఈ లోపాల్లో సగం పూడ్చడానికి ఏహెచ్‌రెఫ్స్ వాళ్ల వెబ్‌మాస్టర్ టూల్స్ ఉంది, 2020 నుంచి సొంత సైటు ఉన్నవాళ్లకి ఫ్రీగా ఇస్తున్నారు. సెర్చ్ కన్సోల్ ఖాతాతోనే మీ సైటుని అందులో వెరిఫై చేసుకోవచ్చు. నోఫాలో, స్పాన్సర్డ్, యూజీసీ అని లింకుల రకాలు విడిగా చూపిస్తుంది (నోఫాలో 2005 నుంచీ ఉంది, మిగతా రెండూ గూగుల్ 2019లో తెచ్చినవి, డబ్బులిచ్చి పెట్టించిన లింకుకి ఒకటి, కామెంట్లలాంటి వాటిలో జనం పెట్టే లింకుకి ఒకటి). సైటులో విరిగిన పేజీలు కూడా వెతికిపెడుతుంది. అన్న సైటులో మేం పట్టుకున్న అసలు సంగతి ఇక్కడే దొరికింది: బెంగళూరులో ఇళ్ల డిజైన్లు చేసే ఒకాయన తన పేజీలో "మేం బండలు తెప్పించుకునే చోటు" అని లింకు పెట్టాడు, అది వెళ్లే పేజీని రెండేళ్ల కిందట సైటు మార్చినప్పుడు తీసిపడేశాం. నేనే తీశాను. నొక్కినవాళ్లకి రెండేళ్లుగా 'పేజీ లేదు' అని వస్తోంది. ఆ పాత అడ్రసుని కొత్త పేజీకి రీడైరెక్ట్ చేయడానికి పది నిమిషాలు పట్టింది. ఏజెన్సీ పంపిన రెండు వేల లింకులన్నిటికన్నా ఆ ఒక్కటే పనికొచ్చేది, అదే ఇన్నాళ్లూ గోడకి తగిలి ఆగిపోయింది.

పోటీవాళ్లని చూడాలంటే

ఇక్కడ డబ్బులు మొదలవుతాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండలమ్మేవాళ్ల సైట్లకి ఎవరు లింకులిస్తున్నారో చూడాలంటే సెర్చ్ కన్సోల్ పనికిరాదు. ముందు ఫ్రీవి అవగొట్టండి. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో బ్యాక్‌లింకుల దగ్గర వేరే సైట్లతో పోల్చి చూసే వీలుంది, పైసా తీసుకోరు, ఎందుకో దీన్ని ఎవరూ పట్టించుకోరు. చిన్న సైట్ల మీద డేటా పలచగా ఉంటుంది నిజమే, ఫ్రీకి అది చాలు. ఏహెచ్‌రెఫ్స్ ఫ్రీ బ్యాక్‌లింక్ చెకర్ ఏ సైటుకైనా పైన ఉన్న 100 లింకులు చూపిస్తుంది. చిన్న పోటీదారు సైటుకి అసలు పనికొచ్చే లింకులు వంద ఉండవు, కాబట్టి తొంభై శాతం పని అక్కడే అయిపోతుంది అని నా నమ్మకం. సెమ్‌రష్, మోజ్‌లలో ఖాతా తెరిస్తే కొన్ని వెతుకులాటలు ఊరికే ఇస్తారు.

ఇవన్నీ చూశాక కూడా చాలకపోతే అప్పుడు ఏహెచ్‌రెఫ్సా, సెమ్‌రషా అన్న ప్రశ్న. రెండిట్లోనూ మామూలుగా పనికొచ్చే ప్లాను నెలకి 100 డాలర్లు దాటుతుంది, మా గది అద్దెకన్నా ఎక్కువ. నా అనుభవంలో లింకులు మాత్రమే కావాలంటే ఏహెచ్‌రెఫ్స్. కొత్త లింకులు త్వరగా కనపడతాయి, పోయిన లింకులు ఎందుకు పోయాయో కారణంతో చెప్తుంది, పేజీ తీసేశారా, లింకు మాత్రమే తీసేశారా అని. పోటీవాళ్లు ముగ్గురికీ ఉండి మీకు లేని లింకులు ఏవి అని ఒక్క దెబ్బలో తీయొచ్చు, సెమ్‌రష్‌లో కూడా బ్యాక్‌లింక్ గ్యాప్ అని అదే పని చేసేది ఉంది. లింకులతో పాటు కీవర్డులు (జనం సెర్చ్‌లో కొట్టే మాటలు), గూగుల్ యాడ్స్‌లో పోటీవాళ్లు దేనికి డబ్బులు పెడుతున్నారు, ఇవన్నీ ఒకే చోట కావాలంటే సెమ్‌రష్. ధర్మవరం చీరల సైటుకి నేను సెమ్‌రష్ తీసుకోమన్నాను, ఎందుకంటే వాళ్లు పండగలకి యాడ్స్ వేస్తారు, లింకులు వాళ్లకి రెండో విషయం. బండల అన్నకి మాత్రం ఏహెచ్‌రెఫ్స్, అది కూడా ఒకే ఒక్క నెల.

ఆ నెలలో మాకు ఏం దొరికిందంటే, పోటీవాళ్ల లింకుల్లో ఎక్కువ భాగం మాకున్నలాంటి చెత్తే. బొమ్మలు ఎత్తుకుపోయి పెట్టుకునే వాల్‌పేపర్ సైట్లు, చచ్చిపోయిన డైరెక్టరీలు, యూట్యూబ్ వీడియోల కింద పెట్టిన లింకులు (అవి నోఫాలోనే). ఏరగా ఏరగా పన్నెండో పదమూడో మిగిలాయి: ఆర్కిటెక్టుల పేజీలు, రాళ్ల వ్యాపారం మీద వచ్చే ట్రేడ్ మ్యాగజైన్ సైటు, ఒక ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ పిల్లలు క్వారీ చూడ్డానికి వెళ్లొచ్చి రాసిన పేజీ. ఆ ఆఖరిది చూసి అన్న నవ్వాడు, "మా క్వారీకీ వస్తారబ్బీ పిల్లోళ్లు, బన్నూ టీ ఇచ్చి పంపిస్తాం, ఇట్లా రాస్తారని నాకేం తెలుసు" అని. లింకు సంపాదించడం అంటే చాలాసార్లు ఇంతే, ఎప్పుడూ జరుగుతున్న పనినే ఎవరో ఒకరు రాసిపెట్టేలా చూసుకోవడం.

పాత డొమైన్ కొంటున్నారా?

ఈ రోగం అనంతపురంలో, కర్నూల్లో కూడా బాగా పట్టుకుంది, గడువు తీరిన డొమైన్ (సైటు అడ్రసు పేరు) కొని, దాని పాత లింకుల బలంతో కొత్త సైటు లేపుదామని. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో సరిగ్గా దీన్నే చేర్చింది, పాత డొమైన్ పేరు అడ్డం పెట్టుకుని పనికిమాలిన సరుకు నింపితే చర్య తీసుకుంటామని. అయినా నిజాయితీగానే ఒక పేరు నచ్చి కొంటున్నారనుకుందాం, అప్పుడు మెజెస్టిక్ తీసుకోండి. వాళ్ల ఫ్రెష్ ఇండెక్స్‌లో గత 120 రోజుల్లో కనపడినవి ఉంటాయి, హిస్టారిక్ ఇండెక్స్‌లో ఏళ్ల తరబడి వెనక్కి పోవచ్చు. మామూలు సైటుకి పాత చరిత్ర అక్కర్లేదు, పాత డొమైన్‌కి మాత్రం అదే పొలం ఈసీ తీసి చూసుకోవడం. ట్రస్ట్ ఫ్లో ఏ విషయం మీద వచ్చిందో కూడా చూపిస్తుంది, రాళ్ల వ్యాపారం పేరున్న డొమైన్‌కి లింకులన్నీ జూదం సైట్ల నుంచి వస్తే ఇంక చూడక్కర్లేదు. దాంతో పాటు వేబ్యాక్ మెషీన్‌లో ఆ సైటు ఒక్కో ఏడాది ఎలా ఉండేదో తెరిచి చూడండి, అది ఫ్రీ. నాకు తెలిసిన ఒకాయన ఇది చేయకుండా ఒక డొమైన్ కొన్నాడు, మధ్యలో రెండేళ్లు అది జపాన్ భాషలో నకిలీ బ్యాగులు అమ్మింది.

మెజెస్టిక్, మోజ్ రెండిట్లోనూ చిన్న ప్లాన్లు పెద్దవాళ్లకన్నా చవక, 50 డాలర్ల దగ్గర మొదలవుతాయి. మోజ్ గురించి నాకు చెప్పడానికి ఎక్కువ లేదు. డీఏ చూపించమని అడిగే క్లయింట్లు ఉన్నవాళ్లకి అది కావాలి, ఫ్రీ ఖాతాతోనే ఆ అంకె వచ్చేస్తుంది. అందులో స్పామ్ స్కోర్ అని ఒక శాతం ఉంటుంది, అది చూసి చాలామంది బెదిరిపోతారు. 30 శాతం అంటే మీ సైటు 30 శాతం స్పామ్ అని కాదు, ఇలాంటి లక్షణాలున్న సైట్లలో అంత శాతం గూగుల్ వేటుకి గురైనట్టు మోజ్ గమనించింది అని, అంతే. ఉబర్‌సజెస్ట్ చవక, ఒకేసారి కట్టి వదిలేసే ప్లాను ఉంది, నేర్చుకునేవాళ్లకి బాగుంటుంది, లింకుల లోతు మాత్రం దాని దగ్గర ఆశించకండి.

తెలుగు సైట్లవాళ్లకి మాత్రమే

మీ పేజీ అడ్రసుల్లో తెలుగు అక్షరాలుంటే ఈ టూల్స్ అన్నిట్లో అవి పర్సెంట్ గుర్తులు, అంకెలతో పెద్ద తోరణంలా కనపడతాయి, కంగారు పడకండి, అది తప్పు కాదు. ఎక్స్‌పోర్ట్ చేసిన సీఎస్‌వీ ఫైల్ని నేరుగా డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు యాంకర్ టెక్స్ట్ అంతా పిచ్చి గుర్తులైపోతుంది. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి ఫైల్ తీసుకుని యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, లేదా గూగుల్ షీట్స్‌లో తెరవండి. దీని మీద నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

చెత్త లింకులు చూసి హడావుడి పడకండి

ఏ టూల్ కొన్నా మొదటి వారంలో జరిగేది ఇదే, 'టాక్సిక్' అని ఎర్రగా చూపించిన లింకులన్నీ ఏరి డిజవౌ ఫైల్లో పెట్టేయాలనిపిస్తుంది. ఆగండి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అప్‌డేట్ వచ్చినప్పుడు కొన్న లింకులున్న సైట్లు కుప్పకూలాయి, అదే ఏడాది అక్టోబరులో గూగుల్ డిజవౌ టూల్ ఇచ్చింది, ఈ లింకుల్ని నా లెక్కలో వేయకండి అని చెప్పుకోవడానికి. ఆ భయం ఇంకా పోలేదు. కానీ 2016లో పెంగ్విన్ మారింది, చెత్త లింకు కనపడితే సైటుని కిందికి తొక్కే బదులు ఆ లింకునే లెక్కలోంచి తీసేయడం మొదలుపెట్టింది. చాలా సైట్లకి డిజవౌ అవసరమే లేదని గూగుల్ స్వయంగా చెప్తోంది. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ అని ఉంటుంది, అక్కడ అసహజ లింకులు అని నోటీసు ఉంటేనే, లేదా మీరే గతంలో డబ్బులిచ్చి లింకులు కొని ఉండి నోటీసు వస్తుందేమోనని గట్టి అనుమానం ఉంటేనే దాని జోలికి పోండి. మంచి లింకులు కూడా కలిపి పంపేస్తే నష్టం మీకే.

అన్న సంగతిలో ఆ రెండోది వర్తించింది. ఏజెన్సీ "డీఏ 40 పైన ఉన్న సైట్లలో 50 లింకులు" అని ప్యాకేజీ అమ్మింది, మేం తెరిచి చూస్తే ఆ యాభైలో చాలా సైట్లకి ఒకే డిజైను, ఒకే హోస్టింగ్, ఏ సైటుకీ సెర్చ్ నుంచి మనుషులే రారు. డీఏ మాత్రం ఉంది, అబద్ధం చెప్పలేదు. అలాంటప్పుడు అడగాల్సింది డీఏ ఎంత అని కాదు, ఆ లింకున్న పేజీకి నెలకి ఎంతమంది వస్తారు, ఆ సైటు ఇంకా ఎవరెవరికి లింకులిచ్చింది అని. ఏహెచ్‌రెఫ్స్‌లోనో సెమ్‌రష్‌లోనో ఆ సైటు ట్రాఫిక్ అంచనా చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నోటీసు ఏమీ రాలేదు, అయినా కొన్నవి కాబట్టి లింకులు తీసేయమని ఆ సైట్లకి మెయిల్ పెట్టాం, వినని వాటిని డిజవౌ చేశాం. దీనికో చిన్న మెలిక ఉంది, సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీ (డొమైన్ మొత్తాన్ని ఒకేసారి చేర్చడం) పెట్టుకున్నవాళ్లకి డిజవౌ టూల్ పనిచేయదు, యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ (https తో మొదలయ్యే పూర్తి అడ్రసుతో చేర్చడం) విడిగా చేర్చుకోవాలి.

కట్టేటప్పుడు, ఆపేటప్పుడు

డాలర్లలో కట్టే సబ్‌స్క్రిప్షన్‌కి బ్యాంకు ఫారెక్స్ ఛార్జీ వేస్తుంది, పైన పన్ను కూడా పడొచ్చు, ఆ లెక్క ముందే వేసుకోండి. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ కొత్త నియమాల వల్ల నెలనెలా దానంతట అదే కోసుకునే పేమెంట్లకి కార్డు మీద ముందే అనుమతి ఇవ్వాలి, ఇప్పుడు 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ, దానివల్ల విదేశీ సబ్‌స్క్రిప్షన్లు చాలా కార్డుల మీద రెండో నెల ఆగిపోతుంటాయి. నాకైతే అది మేలే అనిపిస్తుంది. టెలిగ్రామ్‌లో 300 రూపాయలకి పదిమంది పంచుకునే ఖాతాలు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు, కంపెనీ పట్టుకుంటే ఏ పూటైనా మూసేస్తుంది, పైగా మీరు ఏ సైటు వెతుకుతున్నారో మిగతా తొమ్మిదిమందికీ కనపడుతుంది.

ఒక నెలకే తీసుకుంటే, మొదటి రోజే క్యాలెండర్‌లో 25వ రోజుకి రిమైండర్ పెట్టుకోండి. ఆపే ముందు దించుకోవాల్సినవి: మీ రెఫరింగ్ డొమైన్లు, ముగ్గురు పోటీవాళ్లవి, వాళ్లకుండి మీకు లేనివి, యాంకర్ టెక్స్ట్, విరిగిన పేజీలకి వచ్చే లింకులు. ఈ ఐదు ఫైళ్లు ఏడాది పని. అసలు షాపు కడపలోనే ఉండి కడపవాళ్లకే అమ్మేవాళ్లైతే ఇవన్నీ పక్కన పెట్టి ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సరిచేసుకోండి, మ్యాప్‌లో ఫోటోలు, టైమింగ్స్, కొన్నవాళ్ల రివ్యూలు, ఒక షాపు అమ్మకాలకి బ్యాక్‌లింకులకన్నా అవే ఎక్కువ అక్కరకొస్తాయి.

అన్న ఏజెన్సీని మాన్పించాడు. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకు మేనల్లుడు సెర్చ్ కన్సోల్ నుంచి లేటెస్ట్ లింక్స్ దించి, గూగుల్ షీటులో కొత్త సైట్ల పేర్లు మాత్రం ఒక వరసలో రాస్తాడు, పక్కన ఒక గడిలో 'మనకి తెలిసినవాళ్లా?' అని ఉంటుంది. పోయిన నెల రెండు పేర్ల ఎదురుగా అవును అని పడింది, ఒకటి ఆ సివిల్ కాలేజీ.